పని ఒత్తిడి - తేరుకునే శక్తి

లక్ష్యాలు

ఈ విభాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒత్తిడి అంటే ఏమిటో, శరీరంలో అది ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• ఉద్యోగంలో ఒత్తిడికి మూలాలను గుర్తించగలుగుతారు.
• సమస్య కేంద్రిత, ఉద్వేగ కేంద్రిత పద్ధతుల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• తేరుకునే శక్తిని పెంచే అంశాలను మీ పనికి అన్వయించుకోగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామంది పగలు ఉద్యోగం చేసి రాత్రి పుస్తకం పట్టేవారే. కనుక ఈ విభాగంలోని అనుభవం మీకు కొత్తది కాదు. దానికి శాస్త్రం పెట్టిన పేర్లే కొత్త. చర్చ సులభంగా సాగడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మండల కేంద్రంలో ఒక బ్యాంకు శాఖ. పంట రుణాల రెన్యువల్ కాలం. కౌంటరులో ఒక్కతే గుమస్తా. పది గంటలకే వరుస గుమ్మం దాటింది. పదకొండుకు సర్వర్ ఆగిపోయింది. వరుసలోని రైతులు ఆమె మీద కోప్పడుతున్నారు. ఇప్పటికి ఎన్ని ఖాతాలు పూర్తయ్యాయని మేనేజరు లోపలినుంచి అడుగుతున్నారు. ఆమె ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. వచ్చే నెలలో డిగ్రీ పరీక్షలు. ఆమెకు ఏం జరుగుతోంది? ఆమె చేతిలో ఏముంది? ఏది లేదు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకడమే ఈ విభాగం ఉద్దేశం.

2. ఒత్తిడి స్వభావం

మన మీద పడిన భారం, దాన్ని మోయడానికి మనకున్న వనరులను మించిందని అనిపించినప్పుడు శరీరంలోనూ మనసులోనూ కలిగే స్థితిని ఒత్తిడి అంటారు. ఆపద ఎదురైనప్పుడు అడ్రినలిన్, కార్టిసోల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుందన్నమాట. ఆపద తొలగితే అంతా తిరిగి మామూలవుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, కౌంటరులో కూర్చున్న మనిషి పోరాడనూ లేదు, పారిపోనూ లేదు. పులి ఎదురైనప్పుడు కొద్దిసేపు పనిచేయవలసిన ఏర్పాటు ఇక్కడ నెలల తరబడి నడుస్తుంది.

హాన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన చిన్న వ్యాసంతో ఈ అధ్యయనానికి పునాది పడింది. భారం ఏ రూపంలో వచ్చినా శరీరం మూడు దశల్లో స్పందిస్తుందని ఆయన ప్రతిపాదించాడు. మొదటిది హెచ్చరిక దశ, రెండవది ప్రతిఘటన దశ, మూడవది అలసట దశ. రెండవ దశ మోసకారి. అందులో ఉన్న మనిషి పని చక్కగా చేస్తూనే ఉంటాడు. పైకి ఏ లోపమూ కనిపించదు. నిద్ర తగ్గడం, తలనొప్పి, చిన్న మాటకే కసురుకోవడం వంటివి అప్పటికే మొదలవుతాయి. వాటిని ఆ దశలోనే గుర్తించాలి.

3. పనిలో ఒత్తిడికి మూలాలు

బాధ్యత పెద్దదైనకొద్దీ ఒత్తిడి పెరుగుతుందనీ, కనుక పై అధికారులకే అది ఎక్కువనీ సాధారణంగా అనుకుంటాం. లండన్‌లో ప్రభుత్వోద్యోగులపై జరిగిన ‘వైట్‌హాల్’ అధ్యయనాలు ఈ నమ్మకాన్ని కదిలించాయి. 1967లో మొదలైన తొలి అధ్యయనంలో దాదాపు 18,000 మంది పురుష ఉద్యోగులను పరిశీలించారు. హోదా తగ్గినకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో మొదలైన రెండవ అధ్యయనంలో, తన పనిపై తనకు అదుపు లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణంగా తేలింది.

1979లో రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించిన నమూనా కూడా ఇదే చెబుతుంది. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదు. భారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నప్పుడే తీవ్రమైన ఒత్తిడి కలుగుతుంది. భారం ఎక్కువగా ఉన్నా అదుపు ఉంటే, ఆ పని మనిషికి నేర్పును ఇస్తుంది. మన గుమస్తా విషయంలో వరుస పొడవూ, సర్వరూ, లక్ష్యమూ ఆమె నిర్ణయించినవి కావు. జవాబు చెప్పవలసింది మాత్రం ఆమే.

4. ఒకే పరిస్థితి, వేర్వేరు స్పందనలు

ఒకే కౌంటరులో ఇద్దరు ఒకేలా బాధపడరు. దీనికి రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో వెలువరించిన గ్రంథంలో వివరణ ఇచ్చారు. మనిషి ఏ పరిస్థితినైనా రెండు విధాల అంచనా వేస్తాడు. ‘దీనివల్ల నాకు నష్టమా?’ అన్నది ప్రాథమిక అంచనా. ‘దీనికి నేను ఏం చేయగలను?’ అన్నది ద్వితీయ అంచనా. ఎదుర్కొనే పద్ధతులు కూడా రెండు:

అ) సమస్య కేంద్రిత పద్ధతి: కారణాన్నే మార్చడానికి ప్రయత్నించడం. ఉదాహరణకు, వరుసలో ఉన్నవారికి టోకెన్లు ఇచ్చి ఊరివారీగా రోజులు కేటాయిద్దామని మేనేజరుకు ప్రతిపాదించడం. కావలసిన కాగితాల జాబితాను గోడకు అంటించడం.

ఆ) ఉద్వేగ కేంద్రిత పద్ధతి: మార్చలేనిదాని వల్ల కలిగే కలతను తగ్గించుకోవడం. సర్వర్ ఆమె చేతిలో లేదు. రైతు కోపం వ్యవస్థ మీదే తప్ప తన మీద కాదని గ్రహించడం, రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి వదలడం, సాయంత్రం సహోద్యోగితో మనసు విప్పి మాట్లాడటం ఈ కోవకు చెందుతాయి.

మార్చగలిగినచోట ఓర్చుకోవడం, మార్చలేనిచోట పెనుగులాడటం రెండూ శక్తిని వృథా చేస్తాయి. కాబట్టి ముందుగా ఏది ఏదో వేరు చేసుకోవాలి.

5. తేరుకునే శక్తి

భౌతికశాస్త్రంలో స్థితిస్థాపకత గురించి చదివే ఉంటారు. లాగిన స్ప్రింగు వదలగానే యథాస్థితికి వస్తుంది. మనోవిజ్ఞానంలో కూడా అదే పదం వాడతారు. దెబ్బ తగిలాక తిరిగి నిలదొక్కుకునే సామర్థ్యమని అర్థం. ఇక్కడ తట్టుకోవడానికీ తేరుకోవడానికీ తేడా గమనించాలి. తట్టుకోవడం అంటే భారం కింద నిలబడటం. తేరుకోవడానికి ఆ భారాన్ని కొంతసేపైనా దించాలి. హద్దు దాటి లాగిన స్ప్రింగు తిరిగి యథాస్థితికి రాదు.

ఈ శక్తి పుట్టుకతో కొందరికే వచ్చే వరం కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, కుటుంబ కలహాల వంటి గడ్డు పరిస్థితుల్లో పెరిగినవారిలో సుమారు మూడోవంతు మంది సమర్థులైన పెద్దవారయ్యారు. వారి జీవితాల్లో తరచుగా కనిపించిన అంశం, తమను పట్టించుకున్న మనిషి కనీసం ఒకరైనా ఉండటం. సుజాన్ కొబాసా 1979లో ఉన్నతోద్యోగులపై చేసిన అధ్యయనంలో, తీవ్ర ఒత్తిడిలోనూ ఆరోగ్యంగా ఉన్నవారిలో మూడు గుణాలు గుర్తించారు. అవి నిబద్ధత, పరిస్థితిపై కొంత అదుపు ఉందన్న భావన, మార్పును సవాలుగా చూసే దృష్టి.

ఆచరణలో పాటించదగినవి:
1. పని ముగిసినట్టు ఒక గుర్తు పెట్టుకోండి. రేపటి మూడు పనులు కాగితం మీద రాసి సొరుగులో పెడితే, అవి ఇంటిదాకా వెంటరావు.
2. చదువుకోసం నిద్రను తగ్గించకండి. ఏడు గంటల నిద్ర తరువాత చదివిన గంట, నిద్రమత్తులో చదివిన మూడు గంటల కంటే మేలు.
3. రోజూ అరగంట నడవండి. ఒక స్టాపు ముందు బస్సు దిగినా చాలు.
4. ‘చేయను’ అనలేనప్పుడు, ‘ఇది చేస్తే అది రేపటికి వాయిదా పడుతుంది, ఏది ముందు చేయమంటారు?’ అని అడగండి. నిర్ణయం ఎవరిదో ఇద్దరికీ తెలుస్తుంది.
5. కష్టం చెప్పుకోగల మనిషిని ఒకరినైనా సంపాదించుకోండి. మీరూ ఒకరికి అలా ఉండండి.

6. హద్దులు

తేరుకునే శక్తి పేరుతో సంస్థ బాధ్యతను ఉద్యోగి మీద తోయకూడదు. ముగ్గురి పని ఒకరికి అప్పగించి ప్రాణాయామం నేర్పించడం ఒత్తిడి నిర్వహణ అనిపించుకోదు. ఖాళీలు భర్తీ చేయడం, పనివేళలు పాటించడం, లక్ష్యాలను సాధ్యమైనంతలో ఉంచడం యాజమాన్యం పనులు. అవమానం, వేధింపు ఓర్చుకోవలసిన విషయాలే కావు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ఉంది. పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నవుట్’ను వృత్తి సంబంధిత స్థితిగా నిర్వచించింది. శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత, పనితనం తగ్గిందన్న భావన దీని మూడు లక్షణాలు. పనిచేసే చోట అదుపు కాని దీర్ఘకాలిక ఒత్తిడి దీనికి మూలమని కూడా అది పేర్కొంది. నిద్రలేమి, నిరాశ వారాల తరబడి వదలకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

7. సారాంశం

ఒత్తిడి శరీరం చేసే సహజ స్పందన. ఎడతెగకుండా సాగినప్పుడే అది హాని చేస్తుంది. పని భారం ఎక్కువై, అదుపు తక్కువైనచోట అది తీవ్రమవుతుంది. మార్చగలిగినదానికి సమస్య కేంద్రిత పద్ధతి, మార్చలేనిదానికి ఉద్వేగ కేంద్రిత పద్ధతి తగినవి. విశ్రాంతి, తోడు, కొంత అదుపు ఉన్నచోట తేరుకునే శక్తి పెరుగుతుంది. దాన్ని పెంచుకోవడం వ్యక్తి చేయవలసిన పని; అది పెరగడానికి వీలైన పరిస్థితి కల్పించడం సంస్థ బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సెల్యే చెప్పిన మూడు దశలను మీ మాటల్లో వివరించండి.
2. హోదా తక్కువ ఉన్నవారికి ఒత్తిడి వల్ల హాని ఎందుకు ఎక్కువ? కరాసెక్ నమూనా ఆధారంగా చర్చించండి.
3. మీ పనిలో ఈ వారం కలతపెట్టిన అయిదు విషయాలు రాయండి. వాటిలో మీరు మార్చగలిగినవి, మార్చలేనివి, సంస్థ మార్చవలసినవి వేరు చేయండి. మొదటి కోవలోని ఒకదానికి సోమవారం వేయగల తొలి అడుగును ఒక వాక్యంలో రాయండి.