రూట్ కెనాల్ మళ్ళీ చేయాలంటే పాత ఫిల్లింగ్ ఎందుకు తీయాలి? ఎలా తీస్తారు?

మా క్లినిక్‌లో తరచూ వినే మాట ఒకటుంది. "డాక్టర్ గారూ, మూడేళ్ళ క్రితం రూట్ కెనాల్ చేయించుకున్నాను. అదే పన్ను మళ్ళీ నొప్పి పెడుతోంది. ఇంక పీకించేసుకోవాల్సిందేనా?" ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం.

సూటిగా చెప్తాను. చాలా సందర్భాల్లో పీకక్కర్లేదు. అదే పన్నుకి ట్రీట్‌మెంట్ మళ్ళీ చేయొచ్చు. దీన్ని రీ-ట్రీట్‌మెంట్ అంటాం. ఇందులో అసలు కష్టమంతా పాత ఫిల్లింగ్‌ని బయటికి తీయడంలోనే ఉంటుంది.

ముందు, లోపల ఏముందో చూద్దాం. పంటి వేరు లోపల సన్నటి కాలువలుంటాయి. మొదటిసారి రూట్ కెనాల్ చేసినప్పుడు వాటిని శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే పదార్థంతో నింపుతాం. ఇది మలేషియా, ఇండోనేషియా వైపు పెరిగే ఒక చెట్టు పాల నుంచి వస్తుంది. మన సపోటా, ఇప్ప చెట్లు కూడా ఆ కుటుంబానివే. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుళ్ళకి దీన్నే తొడుగుగా వాడారు. మేం వాడే సన్నటి గులాబీ పుల్లల్లో గట్టా పెర్చా సుమారు 20 శాతమే. ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. కాలువ గోడకీ ఈ పుల్లకీ మధ్య సందు లేకుండా సీలర్ అనే సిమెంట్ లాంటిది పూస్తాం.

మరి నొప్పి మళ్ళీ ఎందుకొస్తుంది? ఒక్కోసారి ఒక కాలువ దొరక్కుండా ఉండిపోతుంది. పై దవడలో మొదటి పెద్ద దంతానికి మూడు వేర్లే ఉన్నా, చాలామందికి నాలుగో కాలువ ఉంటుంది. ఒక్కోసారి ఫిల్లింగ్ వేరు చివరి దాకా వెళ్ళదు. ఇంకొన్నిసార్లు క్యాప్ లీకై, ఉమ్మితో పాటు బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటారు. నొప్పి రెండు రోజులు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఎందుకంటే ఆ కాలువలో ఇప్పుడు రక్తప్రసరణ లేదు. మాత్ర అక్కడికి చేరే దారే లేదు. బ్యాక్టీరియా పాత ఫిల్లింగ్ వెనకాల దాక్కుని ఉంటుంది. దాన్ని చంపాలంటే మేం వాడే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం గోడల్ని తాకాలి. తాకాలంటే అడ్డంగా ఉన్న పాత ఫిల్లింగ్ పోవాలి. అంతే లెక్క.

ఇప్పుడు ఎలా తీస్తామో చెప్తాను. ముందు పంటికి మత్తిచ్చి, చుట్టూ రబ్బర్ డ్యామ్ వేస్తాం. క్యాప్ తీసి గానీ, దానికి రంధ్రం పెట్టి గానీ లోపలికి వెళ్తాం. గట్టా పెర్చా సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి పైభాగాన్ని వేడి పరికరంతో తీసేయొచ్చు. ఆ తర్వాత మోటారుతో తిరిగే రీ-ట్రీట్‌మెంట్ ఫైళ్ళు వాడతాం. బాగా వాడుకలో ఉన్న ఒక సెట్‌లో మూడు ఫైళ్ళుంటాయి. పొడవు 16, 18, 22 మిల్లీమీటర్లు. పై భాగం, మధ్య భాగం, కింది భాగం, ఇలా ఒక్కో మెట్టూ దిగుతాం. చివరి కొన్ని మిల్లీమీటర్లలో చేతి ఫైళ్ళతో నెమ్మదిగా పని చేస్తాం.

"ఏదైనా మందు వేసి కరిగించేయొచ్చు కదా?" అని అడుగుతారు. వేయొచ్చు. క్లోరోఫామ్, యూకలిప్టస్ నూనె, నారింజ తొక్క నూనె లాంటివి గట్టా పెర్చాని మెత్తబరుస్తాయి. కానీ ఒకటి రెండు చుక్కలే వాడాలి. ఎక్కువైతే అది జిగురు ముద్దలా మారి గోడలకి అంటుకుపోతుంది, వేరు చివర దాటి బయటికి కూడా పోవచ్చు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఏ పద్ధతితో తీసినా పాత పదార్థం నూటికి నూరు శాతం బయటికి రాదు. మైక్రో సీటీ స్కాన్‌తో చేసిన పరిశోధనల్లో ఇది మళ్ళీ మళ్ళీ తేలింది. అందుకే మైక్రోస్కోప్ కింద చూస్తాం, మధ్యలో ఎక్స్‌రే తీస్తాం, అల్ట్రాసోనిక్‌తో ద్రావణాన్ని కదిలిస్తాం. అవసరమైతే కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, కొన్ని రోజుల తర్వాత మళ్ళీ రమ్మంటాం. రెండు మూడు సిట్టింగులు ఎందుకని విసుక్కోకండి. కంగారు పడితే ఫైలు విరగొచ్చు, వేరు గోడకి చిల్లు పడొచ్చు.

అన్ని పళ్ళూ దక్కుతాయని మాత్రం చెప్పను. వేరు నిలువునా చీలిపోతే సాధారణంగా పీకక తప్పదు. వేరు మంచిగా ఉండి, పైనుంచి దారి లేకపోతే చిన్న సర్జరీతో వేరు కొన తీసే పద్ధతి ఉంది.

కాబట్టి ఎవరైనా పీకేద్దామంటే మూడు ప్రశ్నలు అడగండి. వేరు చీలిందా? రీ-ట్రీట్‌మెంట్‌కి అవకాశం ఉందా? రూట్ కెనాల్ స్పెషలిస్టుకి ఒకసారి చూపించొచ్చా? మీ పాత ఎక్స్‌రేని ఫోన్‌లో దాచుకోండి. మాకు అది చాలా పనికొస్తుంది. ముఖం వాచి, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా మాత్రం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.