నేలపై పడిన గోరువంక పిల్లలు

వేసవి నుండి వర్షకాలము వరకు గోరువంకలు చెట్టు తొర్రలలోను, గోడ సందులలోను గూళ్లు కట్టును. ఆ రోజులలో వాటి పిల్లలు నేలపై కనిపించుట కలదు. రైతులు జాలిపడి వెంటనే ఇంటికి తీసికొనిపోరాదు. ముందుగా ఈకలను చూడవలెను.

ఒళ్లంతా ఈకలు వచ్చి, తోక పొట్టిగా నుండి, గెంతుచున్న పిల్ల ఎగురుట నేర్చుకొనుచున్నదని గ్రహించవలెను. గోరువంక పిల్ల సుమారు 3 వారములకు గూడు విడుచును. తరువాత కొన్ని దినములు తల్లిదండ్రులే మేత తెచ్చి పెట్టును. దానిని కదపనక్కరలేదు. కుక్కలు, పిల్లులు తిరుగుచోట మాత్రము దగ్గరలోని పొదపై ఉంచవలెను.

ఈకలు రాని పిల్లను తిరిగి గూటిలో పెట్టవలెను. మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి చేరనీయదను మాట నిజము కాదు. గూడు అందనిచో, గడ్డి పరచిన చిన్న బుట్టను గూటికి దగ్గరగా నీడలో కట్టి, పిల్లను అందుంచి, ఒక గంటసేపు దూరము నుండి గమనించవలెను. నోటిలో పాలు, నీరు పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోయినచో పిల్ల చనిపోవును.

గాయపడిన పిల్లను, తల్లి రాని పిల్లను రంధ్రములు చేసిన అట్టపెట్టెలో నుంచి అటవీ శాఖ సిబ్బందికి గాని, పశువైద్యునికి గాని అప్పగించవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గోరువంకను పంజరములో పెంచుట నేరము.

పిల్లల మేతకై గోరువంకలు చేలలోని మిడుతలను, పురుగులను ఏరి తెచ్చును. నేడు తల్లిని చేరిన పిల్ల రేపు మీ దుక్కి వెంట నడచి పురుగులను తినును.