రెండు సాలీళ్ళు – ఒకే జాతి!

పిల్లలూ! నాంపల్లిలో మా పాఠశాల వరండా గోడ మీద ఈగలు వాలుతుంటాయి. వాటి వెనకాలే బుల్లి సాలీళ్ళు చేరతాయి. ఇవి గూడు అల్లి ఎర కోసం కూర్చోవు. పిల్లిలా పొంచి ఉండి, ఒక్క గెంతుతో ఈగను పట్టుకుంటాయి. ఇవే గెంతే సాలీళ్ళు.

ఒకరోజు ఎనిమిదో తరగతి విద్యార్థి రెండు గాజు సీసాలు తెచ్చాడు. ఒకదానిలో తెల్లచారల నల్ల సాలీడు, రెండోదానిలో గోధుమరంగు సాలీడు ఉన్నాయి.

"ఇవి రెండు జాతులా సార్?" అని అడిగాడు.

"రంగు చూస్తే తెలియడం లేదూ? రెండు జాతులే!" అన్నాను. ఆ జవాబు తప్పని సాయంత్రం భూతద్దం పట్టుకుని కూర్చున్నాక గాని నాకు తెలియలేదు.

కళ్ళు ఏం చెబుతాయి?

సాలీడు కీటకం కాదు. దానికి 8 కాళ్ళు ఉంటాయి. తల, రొమ్ము కలిసి శిరోవక్షం ఒక భాగం, ఉదరం రెండో భాగం. గెంతే సాలీడుకు కళ్ళు కూడా 8. ముఖం మీద 4 కళ్ళు వరుసగా ఉంటాయి. వాటిలో మధ్య రెండూ కారు దీపాల్లా పెద్దవి. మిగతా 4 తలమీద వెనగ్గా ఉంటాయి. ఈ అమరిక కనిపిస్తే అది సాల్టిసిడే కుటుంబానిదని చెప్పవచ్చు. కాని ఈ కుటుంబంలో 6,000కు పైగా జాతులున్నాయి! కాబట్టి కళ్ళు చూసి కుటుంబం చెప్పగలం గాని, జాతిని చెప్పలేం.

మగదా, ఆడదా?

నోటికి ఇరుపక్కలా పొట్టి కాళ్ళవంటి రెండు పెడిపాల్పులుంటాయి. ఎదిగిన మగదానిలో వాటి చివరలు ఉబ్బి ఉంటాయి. మా నల్లదానికి ఉబ్బు ఉంది, గోధుమదానికి లేదు. అంటే ఒకటి మగది, ఇంకొకటి ఆడది!

చారలు ఎలా ఉన్నాయి?

రెండూ సుమారు 1 సెంటీమీటరు పొడవున్నాయి. నల్లదాని శిరోవక్షం నడుమ మొదలైన తెల్లచార ఉదరం మీదికి సాగింది. ఉదరం చివర రెండు తెల్లచుక్కలున్నాయి. గోధుమదానికీ నడుమ లేతరంగు చార, చివర తెల్లచుక్కలు ఉన్నాయి. రంగులు వేరైనా అమరిక ఒకటే. పుస్తకంలోని బొమ్మలతో పోల్చి చూస్తే రెండూ ప్లెక్సిప్పస్ పేకుల్లీకి సరిపోయాయి. 1826లోనే శాస్త్రజ్ఞులు వర్ణించిన ఈ జాతి వెచ్చని దేశాలన్నిటా ఇళ్ళ గోడల మీద కనిపిస్తుంది.

గోడల మీద తిరిగే మరో జాతి మెనెమెరస్ బైవిట్టాటస్. ఇది బూడిదరంగులో, అణిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. దీనిలో మగదాని ఉదరం నడుమ ఒక నల్లచార, ఆడదానికి పక్కల రెండు నల్లచారలు ఉంటాయి. రంగునో, చారల లెక్కనో మాత్రమే నమ్మితే ఇక్కడా పొరపడతాం!

ఇంకొక జాగ్రత్త. ప్లెక్సిప్పస్ పీటర్సీ అనే దగ్గరి చుట్టం కూడా మన దేశంలో ఉంది. ఇటువంటి వాటిని తేల్చడానికి శాస్త్రజ్ఞులు మగదాని పెడిపాల్పు ఆకారాన్ని, ఆడదాని ఉదరం అడుగున ఉండే జననాంగం ఆకారాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. పిల్ల సాలీళ్ళలో ఇవి పూర్తిగా ఏర్పడవు. అందుకని భూతద్దంతో మాత్రమే చూసిన మనం "కావచ్చు" అనాలి గాని, "అదే" అనకూడదు.

మర్నాడు తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను. ఆ అబ్బాయి రెండు సాలీళ్ళనూ తిరిగి గోడ మీద వదిలాడు. ఇవి ఈగలను, దోమలను తింటాయి. మనకు ప్రమాదకరమైనవి కావు. కనబడగానే చీపురుతో కొట్టకండి. కళ్ళు, పెడిపాల్పులు, చారలు, పొడవు గమనించి బొమ్మ గీయండి. చూసిన చోటు, తేదీ రాయండి. పేరు మాత్రం అన్నిటికన్నా చివర రాయండి!