మలివయసులో సాధన

కోటగిరి ప్రాంతంలో వ్యవసాయం చేసి, కొడుకులకు కాడి అప్పగించిన పెద్దలతో మాట్లాడేటప్పుడు మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "బతుకంతా ఎద్దులు, ఎవుసం, పిల్లల పెండ్లిళ్లు, అప్పులు. దేవుణ్ణి తలచుకొనే తీరిక ఎన్నడూ చిక్కలేదు. ఇప్పుడు అరవై దాటినవి. మోకాళ్లు వంగవు, మనసు నిలువదు. ఈ వయసుల మొదలుపెడితే ఏం ఫాయిదా?" అని వారు నవ్వుతూ అడుగుతారు. ఆ నవ్వు క్రింద కొంత భయం కూడ ఉన్నదని వినేవారికి తెలుస్తూనే ఉంటుంది.

ఈ ప్రశ్నకు సమాధానం ఆ పొలాలలోనే దొరుకుతుందని మాకు తోచినది. మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసినది. ఆ కాలువల క్రింద సేద్యం చేసే వారందరికీ ఒక సంగతి అనుభవమే. కాలువ మొదట ఉన్న పొలానికి నీరు ముందు అందుతుంది. చివరి తూము క్రింది రైతుకు ఆలస్యంగా అందుతుంది, తక్కువగానూ అందుతుంది. ఆలస్యమైనదని అతడు పొలం బీడు పెట్టడు. మొదటి రైతుతో పోటీపడి వరి నాటుకోడు కూడ. ఉన్న నీటికి, మిగిలిన కార్తెలకు సరిపడే ఆరుతడి పంట ఏదో చూచి వేసుకొంటాడు. మలివయసులో సాధన మొదలుపెట్టే వారికి కావలసిన వివేకం ఇదే.

మన పూర్వులు ఈ విషయాన్ని ఆలోచింపకపోలేదు. గృహస్థుడు తన ఒంటి మీద ముడుతలను, తలలో నెరసిన వెండ్రుకలను, కొడుకుకు పుట్టిన కొడుకును చూచిన పిమ్మట వనవాసం సంగతి తలచవలెనని మనుస్మృతి చెప్పినది. ఇన్నవ యేట అని లెక్క కట్టలేదు. గుర్తులు మాత్రమే చెప్పినది. వాటిలో మూడవ గుర్తు ముఖ్యమైనది. మనుమడు పుట్టినాడంటే, మన తరువాత ఇల్లు నడిపే వారు సిద్ధమైనారన్న మాట. చేతిలోని బరువు మరొకరి చేతికి మారే వేళ అది. ఆ వేళ ఖాళీ అయిన చేతితో ఏమి చేయవలెనన్నదే అసలు ప్రశ్న.

భాగవతంలో దీనికి రెండు స్వరాలు వినిపిస్తవి. ప్రహ్లాదుడు తోటి బాలురను కూర్చుండబెట్టి, చిన్ననాడే మొదలుపెట్టండని బోధిస్తాడు. పరీక్షిత్తుకు మిగిలినవి ఏడే దినాలు. ఖట్వాంగ మహారాజుకు మిగిలినది ఒక్క ముహూర్తం, అనగా 48 నిమిషాలు. ఆ ముహూర్తమే ఆయనకు చాలినదని పురాణం చెప్పినది. ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. ముందున్న వారికి తొందరపెట్టే మాట అవసరం. వెనుకబడిన వారికి ధైర్యం చెప్పే మాట అవసరం. అయితే ఖట్వాంగుని పేరు చెప్పి వాయిదా వేసుకొనే వారిని భగవద్గీత ఎనిమిదవ అధ్యాయం హెచ్చరిస్తున్నది. అంత్యకాలాన వచ్చే తలపు ఆ క్షణాన ఆకాశం నుండి ఊడిపడదు. ఏ తలపుతో దినాలు గడిపినామో అదే వస్తుంది. కనుక మిగిలిన కాలం కొద్దియా గొప్పయా అన్న విచారం కంటె, ఈ దినం ఎట్లు గడిచినదన్న విచారం మేలు.

ఇక పుస్తకాలు మూసి, మనుష్యులను చూతము.

వావిలికొలను సుబ్బారావుగారు కడప సీమవారు, 1863లో జన్మించినారు. మొదట రెవిన్యూ శాఖలో ఉద్యోగం చేసినారు. తరువాత 1904 నుండి 1920 వరకు చెన్నపట్నం ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించినారు. వాల్మీకి రామాయణాన్ని పద్యాలలో తెనిగించి 'ఆంధ్ర వాల్మీకి' అనిపించుకొన్నారు. ఆ కాలంలో ఒక పండితునికి ఇంతకు మించిన గౌరవం ఏముంటుంది? ఉద్యోగం చాలించేనాటికి ఆయనకు దరిదాపు 57 సంవత్సరాలు. విశ్రాంతి తీసుకొని, సన్మానాలు అందుకొంటూ కూర్చుండవలసిన వయసు అది.

ఆయన ఒంటిమిట్ట చేరినారు. శిథిలమై ఉన్న కోదండరామాలయాన్ని ఉద్ధరించుటకు పూనుకొన్నారు. అందుకు చేత పట్టినది టెంకాయచిప్ప. కళాశాలలో పాఠం చెప్పిన చేతితో ఆ చిప్ప పట్టుకొని, ఊరూరా తిరిగి యాచించినారు. వచ్చిన ప్రతి కాసూ రామునికే చేరవేసినారు. ఆ చిప్ప మీద ఒక శతకం కూడ రచించినారు. అప్పటినుండి 1936లో దేహం చాలించే వరకు ఆయన వాసుదాసస్వామి. 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాన్ని ఒంటిమిట్టలోనే అధికార లాంఛనాలతో జరుపుతూ వచ్చినది. ఆ కల్యాణ వైభవం చూచిన వారు ఆ చిప్పను కూడ ఒకమారు తలచుకోవలెను.

రామభక్తి ఆయనకు కొత్తగా పుట్టినది కాదు; ఉద్యోగ కాలంలోనూ ఉన్నది. మలివయసులో జరిగిన మార్పు ఏమిటి? పాండిత్యానికి మరికొంత పాండిత్యం చేర్చుకొనుట కాదు. 'నేను ఇంతవాడిని' అనే బరువును దింపి, పరుల గడప ముందు చేయి చాచుట. పడుచువానికి దింపుకొనుటకు ఏమి ఉంటుంది? పేరు, హోదా, అనుభవం సంపాదించిన వానికే దింపుకొనదగిన మూట ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మలివయసు వారికి ఉన్న అవకాశం పడుచువారికి లేదు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలెను. వారికి ఉద్యోగ విరమణ ఉండదు. శ్రీ రమణ మహర్షి తల్లి అళగమ్మాళ్ జీవితం ఇందుకు ఉదాహరణ. కుమారుడు 1896లో పదహారవ యేట ఇల్లు విడిచి అరుణాచలం చేరినాడు. 1898లో ఆమె వెళ్లి, ఇంటికి రమ్మని ఏడ్చి పిలిచినది, అతడు రాలేదు. 1916లో ఆమెయే శాశ్వతంగా కుమారుని వద్దకు వచ్చినది. కొండ మీది ఆశ్రమంలో పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టినది. ఆమెకు మడి, ఆచారం ఎక్కువ. ఉల్లిపాయను దరి చేరనిచ్చేది కాదు. కుమారుడు ఆ ఉల్లిపాయను చూపి, మోక్షానికి ఇది ఎంత అడ్డమో అని పరిహసించేవాడట. అందరూ తనకు తల్లులే అని చెప్పి, తల్లి అన్న ప్రత్యేక అధికారం ఆమెకు ఇవ్వలేదు. ఆమెకు అది మొదట కన్నీరు తెప్పించినది. కాని ఆ ఆరు సంవత్సరాలలో 'నా కుమారుడు' అన్న పిడికిలి మెల్లగా వదులైనది. 1922 మే 19న ఆమె దేహం విడిచినది. ఆమె సమాధి వద్దనే నేటి రమణాశ్రమం వెలసినది. ఆమె చేసిన పని చివరి వరకు వంటయే. పని మారలేదు, పని మీది పట్టు మారినది.

సాధన అనగానే ఇల్లు విడువవలెనని తలచేవారికి ఒక దూరదేశపు వృత్తాంతం. రష్యా రచయిత టాల్‌స్టాయి ఏబదవ యేటి ప్రాంతంలో ఆధ్యాత్మిక చింతనకు మళ్లినాడు. ఆస్తి విషయమై, జీవన విధానం విషయమై ఇంటివారితో పొత్తు కుదరలేదు. 1910లో, 82వ యేట, ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లినాడు. దారిలో న్యుమోనియా సోకి, అస్టాపోవో అను చిన్న రైలు స్టేషనులో కొద్ది దినాలకే మరణించినాడు. అంతటి మహానుభావుని తప్పెన్నుటకు మేము ఎంతవారము? ఇంటితో సమాధానపడని శాంతిని వెదకుచు బయలుదేరిన ముదుసలి ప్రయాణం ఎంత కష్టమో మాత్రం అది తెలుపుతున్నది.

కోటగిరి వారికి ఇల్లు విడువని మార్గం పరాయిది కాదు. మహారాష్ట్ర పొలిమేర దాపున ఉన్న ఈ సీమకు పండరి భక్తి ఎరుకే; హరినామ సప్తాహాలు, భజనలు, ఆషాఢ ఏకాదశికి పండరి యాత్ర ఇక్కడి పెద్దలకు తెలిసినవే. ఆ సంప్రదాయపు సంతులలో నామదేవుడు దర్జీ కులంవాడు, తుకారాం దుకాణం నడిపినవాడు, ఏకనాథుడు గృహస్థు. భజనలో చేరుటకు శాస్త్రం చదివి ఉండనక్కరలేదు. తాళం తప్పినా పక్కవాని తాళం మనను నడుపుతుంది. వర్ని సమీపాన బడాపహాడ్ దర్గాకు అన్ని మతాలవారూ వెళ్తారు. నిలువలేని వారు కూర్చుండి, కూర్చుండలేని వారు పడుకొనియైనా నమాజు చేయవచ్చునని ఇస్లాం అనుమతించినది. ఉపవాసం ఉండజాలని వృద్ధులు బదులుగా పేదకు అన్నం పెట్టవచ్చును. వయసును చూచి నియమాన్ని సడలించుట భక్తికి లోపం కాదని పెద్దలందరూ ఎరుగుదురు.

ఇక ఎట్లు మొదలుపెట్టవలెను? మేము గురువులము కాము, రేడియోలో పనిచేయువారము. మా వృత్తి నేర్పిన సంగతి ఒకటి మాత్రం చెప్పగలము. ప్రతిదినం అదే నిమిషానికి వచ్చే కార్యక్రమం కొరకు శ్రోత చెవి దానంతటదే సిద్ధమవుతుంది. ఉదయం భక్తిరంజని వినే ఇండ్లలో గడియారం చూడకుండానే చేయి రేడియో మీదకు పోతుంది. మనసు కూడ అంతే. గంట సేపు చేయుదమని మొదలుపెట్టి నాలుగవ నాడు మానుకొనుట కంటె, పది నిమిషాలు అదే చోట, అదే వేళకు కూర్చుండుట మేలు. వయసు మళ్లిన వారికి తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే మెలకువ వస్తుంది. నిద్రపట్టలేదని బాధపడే ఆ సమయమే అందుకు తగినది. ఒక్క నామం గాని, ఒక్క ప్రార్థన గాని, పెద్ద అక్షరాల పుస్తకంలో ఒక్క పుట గాని చాలును. ఈ ఏడు ఒక మంత్రం, వచ్చే ఏడు మరొక మంత్రం అని పది బావులు సగం సగం త్రవ్వవద్దు.

శరీరాన్ని శత్రువుగా చూడరాదు. మోకాళ్లు వంగని వారు కుర్చీలో, వీపుకు ఆనుడుతో కూర్చుండవచ్చును. ఏకాదశి ఉపవాసం విషయంలో మధుమేహానికి మందులు వాడువారు జాగ్రత్తగా ఉండవలెను. ఇన్సులిను గాని, కొన్ని మాత్రలు గాని తీసుకొని ఆహారం మానినచో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. ముందుగా వైద్యుని అడుగవలెను. చెమట, వణుకు, కళ్లు తిరుగుట కనిపిస్తే అప్పుడే ఉపవాసం విడిచి తీపి ఏదైనా తీసుకోవలెను. గుండె జబ్బు, రక్తపు పోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టే అభ్యాసాలను, వేగంగా శ్వాస విడిచే అభ్యాసాలను తమంతట తాము మొదలుపెట్టరాదు. బాసర గోదావరి మెట్ల మీద స్నానానికి దిగేటప్పుడు ఒక చేయి పట్టుకొనుట నామోషీ కాదు.

మరి రెండు హెచ్చరికలు. మొదటిది: భార్యనో భర్తనో పోగొట్టుకొన్న తరువాత వారాల తరబడి ఆకలి, నిద్ర, మాట అన్నీ పోయినచో దానిని వైరాగ్యమని పొగడవద్దు. అది వ్యాధి కావచ్చును, వైద్యునికి చూపవలెను. రెండవది: మోక్షానికి వెల చెప్పేవారు కనిపించినచో, పొలం కాగితాలు పెట్టెలోనే ఉంచుకోవలెను.

సాధన సాగుచున్నదో లేదో తెలుసుకొనుట ఎట్లు? కన్నులు మూసినప్పుడు వెలుగు కనిపించినదా అని చూడనక్కరలేదు. ఇంటివారిని అడిగితే చాలును. అరుగు మీద జపమాల తిరుగుతూనే ఉంటుంది. కన్ను మాత్రం వంటింటిలో కోడలు పోసే నూనె మీద ఉంటుంది. ఇది మనమందరం ఎరిగిన దృశ్యమే. ఆ మాల తిరిగినంత కాలానికి ఒక్క ఎత్తిపొడుపు మాట తగ్గినా సాధన ఫలించినట్లే. బీరువా తాళపుచెవులు కోడలికి ఇచ్చి, ఇచ్చిన సంగతి మరచిపోగలిగినచో అది చిన్న తపస్సు కాదు. అడుగని సలహా నోటిదాకా వచ్చి ఆగినచో అది కూడ మౌనవ్రతమే.

పల్లెలలో గెట్టు తగాదాలు ఎంత కాలం సాగుతవో చెప్పనక్కరలేదు. మూరెడు నేల కొరకు అన్నదమ్ములు ఇరవై ఏండ్లు మాటలు మానుకొంటారు. ఒకరి ఇంట పెండ్లి జరిగినా మరొకరు గడప తొక్కరు. ఇట్టి అన్న ఒకడు అరవై ఐదవ యేట వచ్చి, "నేను ఏ మంత్రం పట్టవలె?" అని అడిగినచో, తమ్ముని ఇంటికి వెళ్లి ఒక గ్లాసు మంచినీళ్లు తాగి రమ్మని చెప్పుటకు మేము వెనుదీయము. మంత్రం ఆ తరువాత ఎవరైనా చెప్పగలరు. ఆ గెట్టు దాటుట మాత్రం మరొకరు చేయగలిగినది కాదు; వాయిదా వేయుటకు ఆయనకు కాలమూ ఎక్కువ లేదు.

చివరి తూము నీరు అందినప్పుడు రైతు కాలువను తిడుతూ గట్టు మీద కూర్చుండడు. పార పట్టుకొని మడి వైపు నడుస్తాడు. రేపు తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు, వయసు ఎంతైనదని లెక్కించుటకు మారుగా, లేచి ఆ పది నిమిషాలు కూర్చుండి చూడవలెనని మా మనవి.