మహమ్మారి సంఖ్యలు - పత్రికల ప్రామాణ్యము

పత్రికలో అచ్చయిన సంఖ్య సరియైనదే యైనను, దానికి కల్పించిన అర్థము తప్పు కావచ్చును. కోవిడ్ కాలమున మన నాందేడు పేరు దేశమంతటను వినవచ్చిన సందర్భ మిందుకు నిదర్శనము.

2020 మార్చిలో రాకపోకలు నిలిచిపోగా, నాందేడులోని తఖ్త్ శ్రీ హజూర్ సాహిబ్ గురుద్వారాకు వచ్చిన వేలకొలది సిక్కు యాత్రికులు ఇచ్చటనే చిక్కుకొనిరి. ఏప్రిల్ చివరి వారమున వారిని బస్సులలో పంజాబుకు చేర్చిరి. అచ్చట పరీక్షింపగా పెక్కుమందికి వ్యాధి యున్నట్లు తేలినది. మే మొదటి వారమున ఆ రాష్ట్రపు రోగుల సంఖ్య వేయి దాటినది. "నాందేడు యాత్రికులు" అను మాట శీర్షికల కెక్కినది. వ్యాధి నాందేడులోనే సోకినదని పంజాబు వారును, ఇచ్చట చూచినపుడు లక్షణములు లేవనియు, త్రోవలో సోకియుండుననియు మహారాష్ట్ర వారును వాదించిరి.

ఈ వివాదమున మరుగుపడిన విషయ మొకటి గలదు. ఇచ్చట జరిగినది లక్షణములను చూచుట. అచ్చట జరిగినది నమూనాలు తీసి పరీక్షించుట. లక్షణములు లేకయే వ్యాధి యుండవచ్చును గనుక ఈ రెండును సమానములు కావు. మరియు, రెండు గ్రామములందు నూటికి ఐదుగురు వంతున రోగులున్నారనుకొందము. ఒకచోట వేయిమందిని పరీక్షించిన 50 మంది, రెండవచోట నూరుగురిని పరీక్షించిన ఐదుగురు బయటపడుదురు. పరీక్షల సంఖ్య చెప్పని వార్త మొదటి గ్రామమును నిందితను చేయును. యాత్రికులను ఒక్కుమ్మడిగా పరీక్షించుట మంచిపనియే. ఆ ఫలితమును వారి మతమునకో, ఒక ఊరికో అంటగట్టుట దోషము.

అట్టి దోషమును న్యాయస్థానమును గుర్తించినది. తబ్లీగీ సమావేశమునకు వచ్చిన 29 మంది విదేశీయులపై కేసులను 2020 ఆగస్టు 21న కొట్టివేయుచు, బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము, వారికి వ్యతిరేకముగా పత్రికలలోను టెలివిజన్‌లోను పెద్ద ప్రచారము జరిగినదని వ్యాఖ్యానించినది.

తేదీ విషయమునను జాగరూకత వలయును. 2020 జూన్ 16న మహారాష్ట్ర ప్రభుత్వము లెక్కలు సరిచూచి, 1,328 పాత మరణములను జాబితాలో చేర్చినది. వారందరు ఆ దినమున మరణించినవారు కారు. ఒక్కరోజు సంఖ్యను మాత్రమే చూచినవారికి వ్యాధి హఠాత్తుగా విజృంభించినట్లు తోచినది.

అట్లని ప్రభుత్వ సంఖ్యను యథాతథముగా అచ్చువేయుటయు ప్రామాణ్యము కాదు. 2021 మేలో గుజరాతీ దినపత్రిక దివ్య భాస్కర్ మరణ ధ్రువపత్రములను లెక్కించినది. మార్చి 1 నుండి మే 10 వరకు సుమారు 1,23,000 పత్రములు జారీ కాగా, క్రిందటి సంవత్సర మదే కాలమున 58,000 మాత్రమే. ప్రభుత్వము చూపిన కోవిడ్ మరణములు 4,218. అదనపు మరణములన్నియు కోవిడ్ వలననే యని చెప్పజాలము. కాని ఇంతటి వ్యత్యాసమునకు సమాధానము అవసరమని ఆ పత్రిక నిరూపించినది.

హిమాయత్‌నగరు వంటి సరిహద్దు తాలూకాలలోని తెలుగువారికి మరాఠీ, హిందీ, తెలుగు పత్రికలు మూడును చదువు సౌలభ్యము గలదు. ఒకే వార్తను మూడింటను పోల్చి చూడవలెను. ఎవరు లెక్కించిరి, ఎందరిని పరీక్షించిరి, ఏ దినపు లెక్క, ఎవరిని విడిచిరి - ఈ నాలుగింటికి సమాధానము దొరకిన పిదపనే ఆ సంఖ్యను ఇరుగుపొరుగువారికి చెప్పుట మేలు.