తూకం చెప్పని కండ

రగ్బీ యూనియన్ ఆటగాళ్లకు డబ్బు చెల్లించవచ్చని 1995 ఆగస్టులో అధికారికంగా ఒప్పుకున్నారు. అంతకు రెండు నెలల ముందు ప్రపంచ కప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ వింగర్ జోనా లోము ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి నేలకు ఆనించడం) చేశాడు. దాదాపు 120 కిలోల మనిషి అంత వేగంగా పరిగెత్తడం చూశాక, రగ్బీ అంటే కండల పోటీ అనే మాట పాతుకుపోయింది. లెక్కలూ దానికి ఊతమిస్తాయి. ఐరోపా అగ్రశ్రేణి జాతీయ జట్లలో ఆటగాడి సగటు బరువు 1955లో సుమారు 85 కిలోలైతే, 2015కల్లా 105 దాటింది. కాబట్టి ఎంత కండ పెంచితే అంత మేలని తోస్తుంది. నిజానికి కండ విలువ దాన్ని మోస్తూ చేయాల్సిన పనిని బట్టి ఉంటుంది. దానికి హద్దు గీసేదీ ఆ పనే.

జట్టులోని 15 మందిలో 8 మంది ఫార్వర్డ్‌లు. స్క్రమ్‌లో తలలు, భుజాలు ఆనించి ఎదుటి ఎనిమిది మందిని నెట్టేది వీళ్లే. ముందు వరుసలో ఉండే ప్రాప్‌కు బరువే ఒక ఆయుధం. 185 సెంటీమీటర్ల ఎత్తు, 118 కిలోల బరువున్న ప్రాప్‌కు ఎత్తుతో బరువును పోల్చే సూచిక బీఎంఐ 34 దాటుతుంది. ఆసుపత్రి పట్టిక ప్రకారం అది ఊబకాయం. బీఎంఐకి కొవ్వూ కండా ఒకటే గనుక క్లబ్బులు దాన్ని నమ్ముకోవు. డెక్సా స్కాన్‌తో, చర్మపు మడతల మందంతో కొవ్వు ఎంతో, మిగిలినది ఎంతో విడదీసి చూస్తాయి. మరి ప్రాప్‌కు కొవ్వు ఉంటే నష్టమేమిటి, అదీ బరువే కదా? స్క్రమ్ వరకే అయితే ఆ వాదన నిలుస్తుంది. స్క్రమ్ విడిపోగానే అతను లేచి పరిగెత్తాలి, పడాలి, మళ్లీ లేవాలి. కొవ్వు బలాన్ని పుట్టించదు, ప్రతి అడుగులోనూ మోయించుకుంటుంది.

ఇక కండ విషయం. బరువెత్తినప్పుడు కండర తంతువుల మీద పడే బిగువే వాటికి పెరగమని సంకేతం. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కండలో ప్రొటీన్ తయారీ జోరందుకుంటుంది. అందుకు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ ఉంటే చాలామందికి సరిపోతుంది. 110 కిలోల ఆటగాడికి అది 176 గ్రాములు. చిక్కు పరుగు దగ్గర వస్తుంది. బరువులెత్తడం, దమ్ము పెంచే సాధన రెండూ కలిపి చేసినవారి బలం కొన్ని వారాలు పెరిగి తర్వాత ఆగిపోయిందని 1980లో పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ చూపించాడు. ఈ అడ్డంకి మొదట అనుకున్నంత పెద్దది కాదని, కండ పరిమాణం కన్నా మెరుపు బలాన్నే, అంటే క్షణంలో వెలువడే బలాన్నే ఎక్కువగా దెబ్బతీస్తుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. రగ్బీకి కావలసింది ఆ మెరుపు బలమే! పైగా 80 నిమిషాల ఢీకొట్లాటలో నలిగిన కండ మరమ్మతుకే రోజులు పడతాయి. అందుకే కండ పెంచే పని సీజన్‌కు ముందే సాగుతుంది, సీజన్‌లో ఉన్నది నిలబెట్టుకుంటే గొప్ప.

బరువైన జట్లే గెలుస్తున్నాయి కదా అనవచ్చు. 1987 నుంచి 2007 వరకు జరిగిన ప్రపంచ కప్‌ల విశ్లేషణలో, రాణించిన జట్లకు బరువైన ఫార్వర్డ్‌లు ఉన్నమాట నిజం. ఆ మాట ఫార్వర్డ్‌లకే చెల్లుతుంది. 2019 ఫైనల్లో ఇంగ్లండ్‌ను 32-12తో ఓడించిన దక్షిణాఫ్రికాకు స్క్రమ్‌లో ఆధిక్యం ఇచ్చింది భారీ ఫార్వర్డ్‌లు. అదే జట్టుకు చివరి ట్రై చేసిన, ఫార్వర్డ్ కాని చెస్లిన్ కోల్బేకు మాత్రం ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 80 కిలోల లోపే. 1955 నుంచి 2015 వరకు పెరిగిన ఆ 20 కిలోలూ జిమ్‌లో తయారైనవే అనుకోవడమూ పొరపాటు. 1987 నుంచి 2007 వరకు జరిగిన ఆ ప్రపంచ కప్‌లలోనే ఆటగాళ్ల సగటు ఎత్తు కూడా కొద్దిగా పెరిగింది. ఎత్తును ఏ వ్యాయామమూ పెంచలేదు. అంటే భారీ దేహాలను కొంత పెంచారు, కొంత ఏరుకున్నారు.

పెరిగిన బరువు ఢీకొట్టే ఊపును పెంచుతుంది. కండతో సమానంగా దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు గట్టిపడవు, వాటికి ఎక్కువ కాలం పడుతుంది. ఇక మెడ, వెన్నుల సంగతి చూస్తే వాటి రక్షణకు వ్యాయామం ఒక్కటే చాలలేదు. 2013లో స్క్రమ్ నిబంధన మార్చి, ఎదురెదురు ప్రాప్‌లు ముందుగా ఒకరినొకరు పట్టుకున్నాకే తలపడేలా చేశారు. ఆటగాళ్ల బరువు ముట్టుకోకుండానే తొలి ఢీ తీవ్రత దాదాపు పావు వంతు తగ్గింది.