మామిడి పసుపును లెక్కగట్టే సాఫ్ట్‌వేర్

మే నెల మధ్యాహ్నం నూజివీడు మామిడి తోటలో ఫొటో తీయడం ఏ కెమెరాకైనా కష్టమే. చెట్టు అవతల కళ్లు చెదిరే ఎండ, కొమ్మల కింద ఆకుల గుండా దిగే పచ్చటి వెలుగు. ఆ వెలుగులో పండిన చిన్నరసం కూడా కాయలాగే పడుతుంది. జేపెగ్‌లో తీస్తే కెమెరా అక్కడికక్కడే రంగు ఖాయం చేసి, ఒక్కో రంగును 256 మెట్లకు కుదిస్తుంది. సెన్సర్ కొలిచిన వెలుగును ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ల రా ఫైల్లో 16,384 మెట్లుంటాయి. రంగు సంగతి ఇంటికొచ్చి తీరిగ్గా తేల్చుకోవచ్చు.

అయితే రా ఫైలు ఇంకా బొమ్మ కాలేదు. సెన్సర్‌కు రంగు తెలియదు, ఎంత వెలుగు పడిందో మాత్రమే తెలుసు. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ దక్కిన పద్ధతిలో సెన్సర్‌లోని ఒక్కో గడి మీద ఒక్కో రంగు వడపోత ఉంటుంది: సగం గడులకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. పసుపుకు గడే లేదు! ఎరుపు, ఆకుపచ్చ గడులు బాగా నిండి, నీలం గడి దాదాపు ఖాళీగా ఉంటే అదే మామిడి పసుపు. ప్రతి చుక్కలోనూ లేని రెండు రంగులను పక్క గడులను బట్టి అంచనా కట్టడం సాఫ్ట్‌వేర్ పని. అందుకే ఒకే ఫైలు రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు రకాల పసుపు చూపిస్తుంది.

ఈ పనిని అందరికీ అందుబాటులోకి తెచ్చినవాడు ప్రోగ్రామర్ డేవ్ కాఫిన్. కెమెరా కంపెనీలు తమ రా ఫైళ్ల నిర్మాణాన్ని బయటపెట్టేవి కావు. ఆయన 1997 నుంచి ఒక్కో కెమెరా గుట్టూ విప్పుతూ డీసీరా అనే ప్రోగ్రామ్ రాసి ఉచితంగా ఇచ్చాడు. నికాన్ తన డీ2ఎక్స్ కెమెరా ఫైళ్లలో వైట్ బ్యాలెన్స్ వివరాన్ని సంకేత లిపిలో దాచింది. పచ్చటి నీడలో పండు రంగు సరిచేయడానికి ముందుగా కావలసింది ఆ వివరమే. 2005లో కాఫిన్ దాన్నీ ఛేదించాడు. మనం తీసిన ఫొటోలోని సమాచారం మనదేనని ఆయన చేతల్లో చూపించాడని నేను నమ్ముతాను. రా ఫైళ్లను దిద్దే రాథెరపీ అనే సాఫ్ట్‌వేర్ ఆయన కోడ్ మీదే ఎదిగింది. ఎన్నో ప్రోగ్రాములు వాడుకునే లిబ్‌రా కూడా అందులోంచే పుట్టింది.

మరి ఇన్నిటిలో ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి? పెళ్లిళ్లలో వేల ఫొటోలు తీసి రోజుల్లో ఇవ్వాల్సినవారికి లైట్‌రూమ్ చందా కట్టడం సబబే. తోట, పండు, పురుగు తీసేవారికి ఉచితంగా దొరికే రాథెరపీ, డార్క్‌టేబుల్ చాలు. ముందు మీ కెమెరా మోడల్ ఫైళ్లను మీరు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ చదువుతుందో లేదో చూడండి. తర్వాత సగం ఎండలో, సగం నీడలో ఉన్న బంగినపల్లి ఫొటో ఒకటి తెరవండి. ఎండ తగిలిన చోట పసుపు తెల్లగా పాలిపోకుండా నిలిస్తే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికొస్తుంది. ఏది వాడినా అసలు రా ఫైలును మాత్రం చెరిపేయకండి.

ఇక కాఫిన్ డీసీరా మొత్తం సి భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సి నేర్చుకుంటున్న పిల్లలు దాన్నొకసారి తెరిచి చదవాలి.